గడియ పెట్టకు

పాణిగ్రాహి మాస్టారు నోటుబుక్కు చేతిలో పెట్టి
"నీ జీవితం రాయి, కూర్మన్నా" అన్నారు.
నా చేతిరాత తెలిసిన మనిషి, గీతలున్నదే కొన్నారు.

మొదటి మాట దగ్గరే బండి ఆగిపోయింది.

కాశీనగరంలో, మా ఇంటి గుమ్మం లోపల, నేను "నాను".
సంతలో బెల్లం బేరమాడేటప్పుడు "ము".
రాత్రిళ్లు తెర పక్కన కిరసనాయిలు డబ్బా మీద కూచుని
రాజుకీ, రాజు చంపించిన వాడికీ
ఒకే గొంతుతో అందించింది "నేను".
నలభై రెండేళ్లు.
"నేనే ఈ కోటకు నీడ" అని నేను గుసగుసలాడితే
బగాది జోగినాయుడు ఛాతీ విరిచి అదే అనేవాడు.
చప్పట్లు ఆ ఛాతీ దగ్గరే ఆగిపోయేవి,
నా దాకా వాటి గాలైనా వచ్చేది కాదు.
ఏడుస్తున్నాననుకునేరు, పద్దు చెబుతున్నాను.

ఓసారి గుణుపురం నుంచి ఒక స్వామి వచ్చి
"ఆడేది దేహం, చూసేది సాక్షి" అన్నాడు.
జనం తలలూపారు. నేనూ ఊపాను.
ఇంటికొచ్చి పడుకున్నాక అనిపించింది,
ఉత్తినే చూడడమైతే ఎంత సుఖం!
సాక్షికి దోమలు కుట్టవు కాబోలు.
ఎవడి నాలుక ఎక్కడ మడతపడుతుందో ముందే తెలిసి
అరక్షణం ముందుగా ఊపిరి బిగబట్టే పని
సాక్షికి ఉండదు కాబోలు.

పర్లాకిమిడిలో, ఆ మాఘమాసపు రాత్రి,
ఆఖరి అంకం. రాజు చావాలి.
మహేంద్రతనయ మీంచి గాలి ఒక్క విసురు విసిరి
నా లాంతరు ఆర్పేసింది.
స్టేజీ మీద పెట్రోమాక్సు బుసకొడుతూనే ఉంది,
నా పేజీ మీద అమాస.
నేల మీద పడున్న జోగినాయుడు ఒక కన్ను తెరిచి
వింగువైపు చూశాడు.
ఒళ్లంతా చచ్చిన రాజు,
ఆ కన్నొక్కటీ నాయుడిది,
మాట కోసం చెయ్యి చాచినట్టు.

కంఠతా వచ్చిన పద్యాన్ని కాకి ఎత్తుకుపోయింది.
నోట్లోకి ఏదొస్తే అదే అందించాను:

"తలుపు గడియ పెట్టకండి.
నేనింకా రాలేదు."

రాజు అన్నాడు. మెల్లగా, సగం దగ్గుతో.
పీరుసాహెబు వేళ్లు హార్మోనియం మెట్ల మీదే ఉండిపోయాయి.
ఎక్కడో ఒక వేరుశెనగ తొక్క నలిగింది.
అప్పుడు వెనక బెంచీల్లోంచి "వన్స్‌మోర్!"

చచ్చిన రాజు లేచి మళ్లీ చచ్చాడు.
మూడుసార్లు చచ్చాడా రాత్రి.
మూడుసార్లూ ఇంకా రాలేదంటూనే పోయాడు.

నలభై రెండేళ్లలో నా సొంత మాట ఇదొక్కటే,
దీంతో మొదలెడదామని పెన్ను మూత తీశాను.

సొంతమా?
చింతపండు బుట్టతో పొద్దుపోయి వచ్చే మా గవరమ్మ
వీధి మొగలోంచే కేకేసేది కదా,
"గడియెట్టీకు! నాను రానేదింకా!"
బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని
నౌపడా రైలెక్కిస్తుంటే కూడా
మా ఇంటివైపు తిరిగి అదే అంది, నవ్వుతూ.
అది కార్తీకం.

నాకు ఆవిడ అందించింది.
ఆవిడకి ఎవరందించారో, వాళ్లమ్మేమో.
ఎవరి వెనక చీకట్లో
ఎవరు డబ్బా మీద కూచున్నారో.

నిన్న మాస్టారొచ్చి ఎన్ని పేజీలయ్యాయని అడిగారు.
చూపించాను.
గీతల మధ్య ఏమీ లేదు. మార్జిన్లో మాత్రం,
నాటకం కాపీలో రాసుకునే అలవాటు కొద్దీ,
"ఇక్కడ హార్మోనియం ఆగాలి."
"ఇక్కడ నాయుడికి దగ్గొస్తుంది, తొందరపెట్టకు."
"ఇక్కడ లాంతరు పోతుంది."
"ఇక్కడ గవరమ్మ."

ఆయన కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుని
ఒరియాలో ఏదో అన్నారు.
నాకీ మధ్య చెవి తగ్గింది.
ఇంకోసారి అందించమన్నాను.